తలుపు ఉన్న వైపు

మా అమ్మాయి ఐదేళ్లు కరాటే నేర్చుకుంది. బెల్టు రంగు మారినప్పుడల్లా ఇంట్లో పాయసం చేసుకునేవాళ్లం. "ఇక దీని గురించి మాకు భయం లేదు" అని బంధువుల దగ్గర గొప్పగా చెప్పుకున్నాం కూడా. అయితే 2023లో ఒక సాయంత్రం, కాలేజీ నుండి వస్తుండగా, రద్దీగా ఉన్న బస్సులో ఎవడో తన చెయ్యి పట్టుకున్నాడు. అమ్మాయి కొయ్యబారిపోయింది. నోట మాట రాలేదు. కండక్టరు చూసి కేకలు వేస్తే వాడు దిగి పారిపోయాడు. ఇంటికి వచ్చి బెల్టును బీరువా అడుగున పెట్టేసి, "నేర్చుకున్నదంతా దండగే నాన్నా" అంది. ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మరుసటి ఏడాది టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి దగ్గరకు వెళ్లాం. కరాటే పుట్టిన చోటు చూస్తే చెల్లి మనసు కుదుటపడుతుందేమోనని వాడే ఒకినావాకు టికెట్లు తీశాడు. అక్కడి నాహా నగరానికి విమానంలో దాదాపు మూడు గంటల ప్రయాణం.

ఒకినావా ఇప్పుడు జపానులో భాగమే గాని, 1879 వరకు ర్యూక్యూ అనే వేరు రాజ్యం. చైనాతో వర్తకం చేసిన రాజ్యం. ఈ దీవుల్లో "తే", అంటే చెయ్యి, అనే పోరాట విద్య ఉండేది. చైనా నుండి వచ్చిన విద్య దానితో కలిసి కరాటే అయింది. మోనోరైలు ఎక్కి రాజుల కోట ఉన్న షూరికి వెళ్లాం. ఎర్రని ప్రధాన భవనం 2019 అక్టోబర్ 31న మంటల్లో కాలిపోయింది. మేము వెళ్లినప్పుడు దానిని తిరిగి కడుతున్నారు.

ఈ షూరికి చెందిన ఇతోసు అంకో 1901లో కరాటేను బడిపిల్లలకు నేర్పించడం మొదలుపెట్టాడు. అంతవరకు గురువు ఇద్దరు ముగ్గురికి ఇంటి పెరట్లో చెప్పిన విద్య, అప్పటి నుండి వరుసల్లో నిలబెట్టి లెక్క చెబుతూ చేయించే వ్యాయామమైంది. 1922లో ఫునాకోషి గిచిన్ దానిని టోక్యోకు తీసుకువెళ్లాడు. తరువాత పోటీలు, పాయింట్లు వచ్చాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకినావాకే చెందిన కియూనా ర్యో "కటా" విభాగంలో బంగారు పతకం గెలిచాడు. కటా అంటే ఎదుట మనిషి లేకుండా వరుస క్రమంలో చేసే కదలికలు. మా ఊళ్లో అమ్మాయి నేర్చుకున్నది ఎక్కువగా ఇదే.

మరునాడు ఉదయం నాహాలో ఒక చిన్న దోజోకు వెళ్లాం. దోజో అంటే సాధన చేసే చోటు. ఇంటి కింది భాగంలో చెక్క నేల వేసిన ఒక్క గది. గోడ దగ్గర పిడికిలితో గుద్దడానికి పాతిన "మకివారా" అనే చెక్క, కర్రకు బిగించిన రాతి బరువులు, అంచు పట్టుకుని మోస్తూ నడవడానికి మట్టి కూజాలు ఉన్నాయి. నాహాకే చెందిన మియాగి చోజున్ ఏర్పరచిన గోజూ పద్ధతి అక్కడ నేర్పుతారు. గురువుగారికి డెబ్బై దాటి ఉంటాయి. శిష్యులు పాదాలు నేలకు అదిమి "సాంచిన్" కటా చేస్తుంటే, ఆయన వెనుక నుండి భుజాల మీద అరచేతులతో చరిచి, నిలకడ చెదురుతుందేమో చూస్తున్నారు.

అబ్బాయి మధ్యలో ఉండి బస్సు సంగతి వివరించాడు. గురువుగారు నవ్వలేదు. ఒక శిష్యుణ్ణి పిలిచి అమ్మాయి మణికట్టు గట్టిగా పట్టుకోమన్నారు. తను లాగింది, రాలేదు. అప్పుడు తనకు బాగా వచ్చిన కటాలోని ఒక కదలికనే మెల్లగా చేయించారు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా తెచ్చి, పట్టిన వాడి బొటనవేలు వైపుకు తిప్పాలి. ఐదేళ్లుగా గాలిలో చేసిన ఆ మలుపు దేనికో మా అమ్మాయికి ఆ రోజు తెలిసింది. ఐదారుసార్లు చేశాక చెయ్యి విడిపడింది. వెంటనే తను వెనక్కి జరిగి, పిడికిళ్లు ఎత్తి, పోటీలో నిలబడినట్టు నిలబడింది.

గురువుగారు తల అడ్డంగా ఊపి తలుపు చూపించారు. ఎందుకు ఆగావు, దారి అటు ఉంది కదా అని అడిగారు. మళ్లీ చేయించారు. ఈసారి గట్టిగా అరిచి, విడిపించుకుని, వీధిలోకి పరుగెత్తాలి. మా అమ్మాయి అరుపు విని ఎదురింటి వారు బయటికి వచ్చి చూశారు! ఆయన వారికి వంగి నమస్కరించి, అరుపు పని అదేనన్నారు.

ఆ గదిలో కూర్చుని మా పొరపాటు తెలుసుకున్నాం. కరాటే దండగ కాదు. నిలకడ, ఊపిరి, దెబ్బకు బెదరకపోవడం ఆ సాధన వల్లనే వస్తాయి. కాని పట్టుకునే మనిషి లేకుండా నేర్చుకున్న చెయ్యికి, పట్టుకున్నప్పుడు ఏం చేయాలో తెలియదు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాదని ఫునాకోషి నియమం. గెలవడం కాదు, క్షేమంగా ఇంటికి చేరడమే ఆత్మరక్షణ.

కెనడాలో జరిపి 2015లో ప్రచురించిన ఒక పరిశోధన కూడా ఇటువంటి మాటే చెబుతుంది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది విద్యార్థినులను పరిశీలించారు. వారిలో కొందరికి పన్నెండు గంటల పాటు ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, గట్టిగా కాదనడం, విడిపించుకోవడం నేర్పారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందనివారిలో నూటికి దాదాపు పదిమంది కాగా, పొందినవారిలో ఐదుగురు. ప్రమాదం దాదాపు సగం తగ్గిందే గాని పోలేదు. తప్పు ఎప్పుడూ దాడి చేసినవాడిదే.

తల్లిదండ్రులారా, మీ పిల్లల్ని కరాటేకు పంపుతుంటే బెల్టు రంగు ఒక్కటే చూడకండి. జత కట్టి పట్టు విడిపించుకోవడం చేయిస్తున్నారా, అరవడం నేర్పుతున్నారా, పారిపోవడం పిరికితనం కాదని చెబుతున్నారా అని అడగండి. కొయ్యబారిపోయిన బిడ్డను మాత్రం నిందించకండి. భయంలో అది ఎవరికైనా జరుగుతుంది. ఆ మాట మేము ఏడాది ఆలస్యంగా చెప్పాం.

అమ్మాయి బెల్టు బీరువాలో నుండి బయటికి వచ్చింది. ఇప్పుడు శనివారం సాయంత్రాలు తమ్ముడు తన చెయ్యి పట్టుకుంటాడు. తను "వదులు!" అని అరిచి గేటు దాకా పరుగెడుతుంది. మొదట్లో ఇరుగుపొరుగు నవ్వారు. పోయిన వారం పక్కింటి ఆవిడ తన కూతుర్ని కూడా పంపించింది.