మట్టియు, వెలుతురును

2015 మొదలు హైదరాబాదు మాదాపురములోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌నందు జరుగుచు వచ్చిన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్‌ను తలచుకొనినప్పుడెల్లను, దేశదేశముల ఛాయాచిత్రముల చెంత వర్ధమాన ఛాయాచిత్రకారుల పటములకును గోడపై చోటు దొరకినదిగదా యని హృదయము పొంగును. అట్టి ప్రదర్శనము మా దెందులూరు సీమకు ఏల రాకూడదన్న చింతయు వెన్వెంటనే కలుగును.

చూపదగిన వస్తువునకు ఇచట కొదువ యేమి? తమ్మిలేరు, బుడమేరు వచ్చి కలియగా ఉప్పుటేటి మార్గమున కడలిని చేరు కొల్లేటి జలములపై పొగమంచు విచ్చుచున్న వేళ, ఆటపాకలో గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలోనికి తల దూర్చి చేపను అందుకొను క్షణమును పట్టుటకు ఓర్పుగల కన్నొకటి చాలును. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ గుర్తింపు నందిన ఈ సరస్సును చేపలచెరువుల గట్లు ఎట్లు క్రమ్ముకొన్నవో కూడ ఆ కన్నే చూపవలెను; అందమును మాత్రమే చూపు చిత్రము నాకు సగము చిత్రమే.

ఆ పటముల నడుమ ఒక సిరామిక్ కళాకారుని పాత్రలుండవలెనని నా కోరిక. సారెపై తిరుగు తడిమట్టిలో వ్రేలి యొత్తిడి వలయములుగా నిలుచును. ఆవములో కాలిన పిదప ఆ గీతలు చెరగవు. కెమెరా వెలుతురును నిలిపినట్లే ఆవము స్పర్శను నిలుపును. శాలంకాయనుల రాజధానియైన పెదవేగి పొరుగున నున్న ఈ నేలకు మట్టిపాత్ర క్రొత్తది కాదు.

ఏలూరు పెద్దలారా, ఒక కల్యాణమండపపు గోడలనైనను వారము దినములు మా సీమ వర్ధమాన కళాకారులకు అప్పగింపుడు.