మిద్దె మీది ఆఫీసు

ఆత్మకూరు అంటే చాలదు, ఏ ఆత్మకూరని అడుగుతారు. నంద్యాల జిల్లాలోనే నల్లమల అంచున ఇంకో ఆత్మకూరుంది మరి! అందుకే ఈ ఊరి పేరుకు ముందు 'బండి' ఉండాల్సిందే. నంద్యాల నుంచి వెలుగోడు వైపు, వరిమళ్లు చూసుకుంటూ వెళితే వస్తుంది బండి ఆత్మకూరు. ఈ మండలానికి కేసీ కాలువా ఉంది, తెలుగుగంగా ఉంది. తూర్పున నల్లమల కొండలు. కార్తీకమాసం వస్తే ఓంకారం క్షేత్రానికి వెళ్లే జనంతో ఆ దారి సందడిగా ఉంటుంది.

మామూలు రోజుల్లో మాత్రం ఇక్కడ వినిపించేవి ట్రాక్టరు చప్పుడు, బర్రెల అరుపులే. మొన్న మా చిన్నాయన ఇంటికి వెళ్లినప్పుడు మిద్దె మీద నుంచి ఇంకో చప్పుడు వినిపించింది. ఎవరో గడగడా ఇంగ్లిషు మాట్లాడుతున్నారు!

"ఎవరు చిన్నమ్మా?" అన్నాను.

"ఇంకెవరు నాయనా, మీ తమ్ముడే. ఆఫీసులో ఉండాడు. మెల్లగా మాట్లాడు" అంది, తనే గొంతు తగ్గించి.

వడ్ల బస్తాల పక్కన

ఆఫీసంటే ఒక గది. ఒక టేబులు, ల్యాప్‌టాప్, నంద్యాలలో కొన్న చక్రాల కుర్చీ, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్. మూలన వడ్ల బస్తాలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దేశంలో లక్షల మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లాగే మా తమ్ముడూ బ్యాగు సర్దుకుని హైదరాబాద్ నుంచి వచ్చాడు. రెండు వారాల్లో వెళ్లిపోతాననుకున్నాడు. ఏళ్లు గడిచాయి.

వాడికి మిగిలింది గది అద్దె, ట్రాఫిక్‌లో పోయే గంటలే కాదు. మూడేళ్ల కిందట చిన్నాయనకు ఎడమపక్క పక్షవాతం వచ్చింది. ఆ రాత్రి వాడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి వెంటనే కారులో నంద్యాల తీసుకెళ్లగలిగాడు. "హైదరాబాద్‌లో ఉంటే నాకు ఫోనొచ్చేది. అంతే" అన్నాడు.

చిన్నాయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. రోజూ నాలుగు గంటలకు మెల్లగా మిద్దె మెట్లెక్కుతాడు. కొడుకు ఏం చేస్తున్నాడో చూడ్డానికని చెబుతాడు కానీ, నడవమని డాక్టరు చెప్పిన మాటకు అదో సాకు. పన్నెండు మెట్లు. మొదట్లో పావుగంట పట్టేదట.

ఇంట్లో ఉన్నా ఖాళీ లేదు

అలాగని అంతా హాయేం కాదు. పగలు ఇంట్లో కనిపించే మగాడికి పని లేదనే ఊరు లెక్క. "బ్యాంకు దాకా తోడు రాప్పా" అని ఒకరు, "ఆధార్‌లో పేరు మార్చిపెట్టు" అని ఇంకొకరు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు, "ఉద్యోగం ఉండాదా, పోయిందా?" అని పక్కింట్లో వాకబు చేశారట! ఇక అమెరికా వాళ్లతో మీటింగులు రాత్రి తొమ్మిది తర్వాతే. ఆఫీసుకు తాళం వేసి ఇంటికి రావడం ఉంటుంది. ఇల్లే ఆఫీసైతే తాళం ఎక్కడ వేస్తారు?

గాలివానకు వైరు తెగితే ఇంటర్నెట్ పోతుంది. అప్పుడు ఫోన్ సిగ్నలే దిక్కు. అదీ అందకపోతే మోటార్‌సైకిల్ మీద నంద్యాలకు పరుగు.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. అసలు చిక్కు వేరే ఉందన్నాడు తమ్ముడు. వాళ్ల జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక చిన్న తప్పు దగ్గర రెండు రోజులు ఇరుక్కుపోయింది. ఎవరినీ అడగలేదు. "ఆఫీసులో అయితే ఆ పిల్ల మొహం చూసి పక్కనోళ్లే అడుగుదురు. నేనూ అట్లనే నేర్చుకున్నా. స్క్రీన్ మీద మొహం కనపడదన్నా, పేరు మాత్రమే కనపడుతుంది."

ఇది వాడొక్కడి అనుభవం కాదు. మైక్రోసాఫ్ట్ తన 61,182 మంది అమెరికా ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. అందరూ ఇంటి నుంచి పనిచేసేసరికి ఎవరి జట్టు వాళ్లదే అయిపోయిందనీ, జట్ల మధ్య మాటలు తగ్గాయనీ తేలింది. ఇంకో పక్కా చూడాలి. చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మందిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసిన వాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. పనితీరు, పదోన్నతుల్లో తేడా రాలేదు. అంటే పూర్తిగా ఇల్లూ కాదు, పూర్తిగా ఆఫీసూ కాదు, మధ్యలో ఒక దారి ఉందన్నమాట.

మా తమ్ముడి జట్టు కూడా తన దారి వెతుక్కుంది. నోటితో అనుకున్న ప్రతి నిర్ణయాన్నీ రాసిపెడతారు. రోజూ అరగంట ఫోన్ లైను తెరిచి ఉంచుతారు, ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు. ఇంత చేసినా, కొత్తవాళ్లకు మొదటి ఏడాది పక్కన మనిషి ఉండాల్సిందేనంటాడు వాడు.

మరి ఆఫీసే ఇటు వస్తే?

అలా వచ్చిన ఊరు ఒకటుంది. తమిళనాడులోని తెన్‌కాశి. జోహో సంస్థ 2011లోనే అక్కడ ఆఫీసు తెరిచింది. మన రాష్ట్రం కూడా 2024లో తెచ్చిన ఐటీ విధానంలో ఇంటికి దగ్గర్లో నలుగురూ కూర్చుని పనిచేసుకునే కేంద్రాలను ప్రోత్సహిస్తామంది. నంద్యాలలో అలాంటి హాలొకటి ఉంటే చాలంటాడు తమ్ముడు. వారానికి రెండు రోజులు అక్కడ, మిగతా రోజులు మిద్దె మీద.

ఇప్పుడా మాట ఎందుకొచ్చిందంటే... వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని వాళ్ల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కంపెనీలు ఇలా పిలవడం కొత్త కాదు. టీసీఎస్ లాంటి పెద్ద సంస్థ 2023లోనే అందరినీ ఐదు రోజులూ రమ్మంది. నెలలో ఒక వారం హైదరాబాద్‌లో ఉంటాననీ, కొత్తవాళ్లకు ఆ వారమంతా పక్కన కూర్చుని నేర్పుతాననీ మా తమ్ముడు జవాబు రాశాడు. నేను వచ్చేసేనాటికి ఇంకా ఏ సంగతీ తెలియలేదు.

బయల్దేరేటప్పుడు నాలుగైంది. చిన్నాయన మెట్ల దగ్గరున్నాడు. చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు.

"పైన ఆఫీసు ఉన్నన్ని దినాలు నేనే ఎక్కుతా. అది లేకపాయనంటే ఇంగ ఎక్కే పనేముండాది నాయనా?"

ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ పైకి వెళ్లాడు. పైన తలుపు తీసిన చప్పుడు వినిపించాకే నేను బస్సు కోసం రోడ్డు మీదికొచ్చాను.