తల చేను కాదు

మా అనంతపురం సీమలో దేనికి కరువున్నా సలహాలకు లేదు. అందులోనూ జుట్టును గురించిన సలహాలు ప్రతి గడపలోనూ దొరుకుతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే గడ్డ మాది. తరతరాలుగా చేను వంకా ఆకాశం వంకా చూస్తూ బతికినవాళ్లం గదా, తలను కూడా చేనులాగే చూస్తాం. నీరు మంచిదైతే పైరు బాగుంటుంది, మొదట్లో ఎరువు వేస్తే ఏపుగా వస్తుంది, కోస్తే పిలకలు వేస్తుంది. జుట్టు సంగతీ ఇంతేనని మా నమ్మకం.

రెండేళ్ల క్రితం మా అక్క కూతురు మా యింట్లో ఉండి డిగ్రీ చదువుకొనేది. నడుము దాటిన జడ దానిది. ఉన్నట్టుండి దువ్వెన నిండా వెంట్రుకలు రావడం మొదలైంది. పెళ్లిమాటలు నడుస్తున్న రోజులు. ఇక చూడండి, ఇల్లంతా పంచాయతీ!

"బోరునీళ్లమ్మా ఇవి! చెట్టుకే పనికిరాని నీళ్లు జుట్టుకేం పనికొస్తాయి?" అన్నది మా అత్తగారు. ఆ సాయంత్రమే తలంటుకు నాలుగు క్యాన్ల మంచినీళ్లు కొన్నారు.

ఆవిడ మాటలో సగం నిజం లేకపోలేదు. మా బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురుగు రాదు, తెల్లటి మడ్డి కడుతుంది. ఆ మడ్డి వెంట్రుకలకు పట్టి గరుకుగా చేస్తుంది, చిక్కు పడేస్తుంది. దువ్వితే వెంట్రుక మధ్యలో తెగుతుంది. కాని వెంట్రుక పుట్టే కుదురు చర్మం లోపల ఉన్నది. నీళ్లు అక్కడికి పోవు. కుంకుడుకాయకూ సీకాయకూ ఈ మడ్డి బాధ లేదు. ఉప్పునీళ్ల ఊళ్లలో మన పెద్దవాళ్లు వాటిని నమ్ముకోవడం తెలివైన పనే. నీళ్లలోని ఫ్లోరైడు గురించి కూడా భయపడవలసిందే, అయితే అది తాగేవాళ్ల పళ్లనూ ఎముకలనూ గురించి.

తెగిన వెంట్రుకకూ రాలిన వెంట్రుకకూ తేడా కనిపెట్టడం సులభం. రాలినదాని ఒక కొసన ఆవగింజ కంటే చిన్న తెల్లటి బుడిపె ఉంటుంది. మా పిల్ల దువ్వెనలో ఉన్నవన్నీ బుడిపెలవే. అంటే నేరం నీళ్లది కాదన్నమాట.

"తల ఎండిపోయింది వదినా, నూనె తాగించు" అన్నది మా ఆడబిడ్డ. దానికి తోడు చుండ్రు కూడా ఉన్నదాయె. ఎండిన నేలకు తడి పెట్టినట్టు ఆముదం పట్టించమన్నది. చుండ్రుకు మూలం పొడితనం కాదు, మన తలమీద ఊరే జిడ్డును తిని బతికే ఒక శిలీంధ్రం. నూనె పోస్తే దానికి విందు చేసినట్టే. అలాగని నూనె వ్యర్థమని కాదు. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, దానిలోని మాంసకృత్తు పోకుండా కాపాడుతుందని 2003లో రేలే, మొహిలే అనే మన దేశపు పరిశోధకులు చూపించారు. ఉన్న వెంట్రుకకు అది రక్షణ, కొత్త వెంట్రుకకు విత్తనం కాదు.

మూడో సలహా మా పక్కింటావిడది. కదిరి నరసింహస్వామికి తలనీలాలిస్తే ఒత్తుగా మొలుస్తుందట. మొక్కు వేరు, వైద్యం వేరు. గొరిగినంత మాత్రాన వెంట్రుక లావుగా రాదని 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపింది. కొత్తగా వచ్చే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కనుక చేతికి గట్టిగా తగులుతుంది, అంతే.

చివరకు పిల్లను చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకుపోయాను. ఆమె నీళ్లను గురించి గాని, నూనెను గురించి గాని అడగలేదు.

"మూడు నెలల కిందట ఏం జరిగిందమ్మా?" అన్నది.

టైఫాయిడు జ్వరం వచ్చి తగ్గింది. పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో జరిగితే చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోయి, రెండు మూడు నెలల తర్వాత రాలుతాయట. మనమేమో ఆ నెల కొన్న షాంపూ మీద నేరం మోపుతాం! రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉన్నది. ఆడవాళ్లకు 12 ఉండాలి. పరీక్షల పేరు చెప్పి పొద్దున టీ ఒక్కటే తాగి పరుగెత్తే పిల్ల, నెలనెలా ఎక్కువ రక్తం పోతున్నదని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. దాని జుట్టు గురించి మేం నెల రోజులు వాదించుకున్నాం. అది మెట్లెక్కితే ఆయాసపడుతున్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇనుము మాత్రలు, రాగిసంగటి, ఆకుకూర, పప్పు, గుడ్డు, పైన ఒక నిమ్మబద్ద. అన్నంతోపాటు టీ తాగవద్దన్నారు, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదట. ఆరు నెలలకు నుదుటి మీద చిన్న వెంట్రుకలు లేచాయి. అంతకు ముందే ముఖానికి రంగు వచ్చింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. జుట్టు రాలే ప్రతివారికీ ఇదే కారణమని అనను. గుండ్రంగా ఒకేచోట ఊడిపోతే మనం పేనుకొరుకుడు అంటాం. పాపం, దానికీ పేనుకూ సంబంధమే లేదు. ఒంట్లోని రక్షణశక్తి పొరబడి కుదుళ్ల మీద పడటం అది. ఘాటు రసాలు రుద్ది చర్మం కాల్చుకోక, వైద్యునికి చూపించాలి.

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. వారానికోసారి తలంటుకొనేవారికి ఏడు రోజులవీ ఒక్కనాడే చేతికొస్తాయి గనుక గుండె గుభేలుమంటుంది. భయపడకండి. అంతకు మించి నెలల తరబడి రాలుతూంటే మాత్రం, నూనె సీసా మార్చేముందు మీ అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకొని, ఏం తింటున్నదో, ఒంట్లో ఎలా ఉన్నదో నెమ్మదిగా అడగండి.