జబాన్‌కి పడిన సూది

మా అమ్మీకి రెండేళ్లుగా కళ్లు ఆనడం లేదు. అందుకని రంజాన్ నెలంతా మా తమ్ముడి కూతురు బాపట్ల హాస్టల్ నుంచి ఫోన్లో రోజూ అస్ర్ తర్వాత ఒక రుకూ తిలావత్ చేసి వినిపిస్తుంది. ఇక్కడ తెనాలిలో అమ్మీ తస్బీ పట్టుకుని వింటుంది. మొన్నటి రంజాన్ మధ్యలో ఒకరోజు ఫోన్ పెట్టేశాక నాతో అంది: "పిల్లకి జాల్ రావట్లేదురా. నోట్లో ఏదో పెట్టుకుని చదువుతా ఉంది."

జాల్, సే సరిగా పలకాలంటే నాలుక కొస పళ్ల మధ్యకి రావాలి. జలుబేమోలే అన్నాను నేను.

మర్నాడు ఫోన్ రాలేదు, మనిషే వచ్చింది. బాపట్ల నుంచి రేపల్లె పోవాలంటే తెనాలిలో బండి మారాలి. ఇంటికి పోవడానికి భయపడి, బండి మారకుండా మా గుమ్మంలో తేలింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర ఖజూర్ నోట్లో పెట్టుకుని మింగలేక ఏడ్చింది. నోరు తెరిపిస్తే ఏముంది, నాలుక నడిమధ్యలో స్టీలు గుండు! నాలుక వాచి అంచుల మీద పళ్ల గుర్తులు పడ్డాయి. గుండు సగం కండలోకి దిగిపోయింది. చుట్టూ పచ్చటి చీము, వాసన.

ఫ్రెండ్‌తో కలిసి ఏదో పార్లర్‌లో కుట్టించుకుందట. ఐదు రోజులైంది. దర్ద్ మాత్ర వేసుకుంటే రోజా పోతుందని వేసుకోలేదు. పగలంతా చుక్క నీళ్లు లేక నోరెండిపోతున్నా వదల్లేదు. "ఒక గునా చేశాను కదా బడే అబ్బా, రోజా కూడా వదిలితే రెండోది" అంది, ఆ ముద్ద మాటతోనే.

నేను అరిచాను. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను. అమ్మీ ఆపింది. "పహలే దవా. డాంటేదేదో తర్వాత డాంటుకో."

డాక్టర్ దగ్గరికి బయల్దేరేలోపు అమ్మీ తన బచ్‌పన్ సంగతి చెప్పింది. ఉర్సులో రిఫాయీ ఫకీర్లు దఫ్ వాయిస్తూ బుగ్గల్లో, నాలుకలో సీకులు గుచ్చుకునేవాళ్లు. దాన్ని జర్బ్ అంటారు. 1182లో ఇరాక్‌లో వఫాత్ అయిన హజ్రత్ అహ్మద్ కబీర్ రిఫాయీ సిల్సిలా వాళ్లది. ముర్షిద్ ఇజాజత్ లేకుండా ఎవరూ సీకు ముట్టుకోరు. మన పక్కింటి హిందువుల్లోనూ వీరభద్రుడి సంబరాల్లో నారసాలు గుచ్చుకునేవాళ్లున్నారు. జర్బ్‌ని ఒప్పుకోని ఉలమా చాలామంది, నాకూ చూడబుద్ధి కాదు. కానీ ఆ సీకు కాసేపట్లో బయటికొచ్చేస్తుంది. ఈ కడ్డీ అలా కాదు, పచ్చి పుండులో రాత్రింబగళ్లు ఉంటుంది, అదీ నోట్లో.

"ముందు ఆ కడ్డీ పీకేయండి డాక్టర్ సాబ్" అన్నాను. పళ్ల డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు తీస్తే రంధ్రం పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుందట. మొదటి వారం వాపు మామూలే, అందుకే మొదట పొడుగు కడ్డీ వేయాలి, ఆ పార్లర్ వాళ్లు పొట్టిది వేశారు. మర్నాడు విజయవాడ నుంచి పొడుగుది తెప్పిస్తే మార్చాడు. యాంటీబయాటిక్ రాశాడు, టీటీ ఇంజెక్షన్ ఇచ్చాడు. నొప్పికి పారాసెటమాల్ చాలన్నాడు. ఐబుప్రొఫెన్ వాడితే కడుపులో ఏదన్నా పడ్డాకే. ఆస్పిరిన్ వద్దు, రక్తం ఆగదు. కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ పుక్కిలించాలి. మౌత్‌వాష్ అయితే ఆల్కహాల్ లేనిది. ఐసుముక్క చప్పరించొచ్చు. చెయ్యి కడుక్కోకుండా గుండు ముట్టుకోవద్దు, నాలుకతో ఆడించొద్దు, పళ్లు చిట్లుతాయి. మన గుంటూరు కారం కొన్నాళ్లు బంద్.

గొంతు తగ్గించి నాతో ఇంకో మాట చెప్పాడు. దవడ కింద వాపు గట్టిపడినా, చలిజ్వరం వచ్చినా, ఉమ్ము మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, సీదా పెద్దాసుపత్రికే. ఆ వాపు ఊపిరి దారినే మూసేస్తుందట. వాడిన సూది శుభ్రమైంది కాకపోతే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి భయం కూడా ఉంది కాబట్టి టెస్టులు రాశాడు. ఆ రిపోర్టులు అల్హందులిల్లా బాగానే వచ్చాయి. కొన్ని వారాలాగి మళ్లీ చేయించమన్నాడు.

రోజా సంగతి ఇమాం సాబ్‌ని అడిగాను. బీమార్‌కి ఖజా చేసుకునే రుఖ్సత్ సూరా బఖరాలోనే ఉంది కదా భయ్యా, ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదా అన్నారు. ఎవరూ చెప్పలేదు. సూది పోటుకి ఏడ్చిందో లేదో గానీ, ఆ రాత్రి సహరీకి లేపొద్దని అమ్మీ అన్నప్పుడు మాత్రం బాగా ఏడ్చింది.

రేపల్లె నుంచి తమ్ముడు మొదటి బండికే వచ్చాడు. తుఫాను వస్తుందనుకున్నా. నోరు తెరవమని చూసి, ఏమీ అనకుండా వాకిట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చి, "ఉప్పునీళ్లు ఎన్నిసార్లయింది?" అని అడిగాడు.

వారం తర్వాత పిల్ల దాదీ పక్కన కూర్చుని చదివింది. జాల్ సగమే వచ్చింది. అమ్మీ ఆ ఆయత్ మూడుసార్లు చదివించింది. ఈద్ అయిపోగానే తీయించేస్తానని వాళ్ల అబ్బాకి మాటిచ్చింది గానీ, బక్రీద్ కూడా వెళ్లిపోయింది, గుండు ఇంకా అక్కడే ఉంది.