లైట్లు వెలుగుతున్నాయి... బండి మాత్రం కదలదు!

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు ఎక్కువగా కారూ హోటలూ బుక్ చేసుకుంటారు. వీలైతే ఒక్కసారి మోటర్‌హోమ్‌లో తిరిగి చూడండి. మంచం, స్టవ్, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ మనతోనే వస్తాయి. ఆకలేసిన చోట ఆపుకుని చారు పెట్టుకోవచ్చు. అయితే బయల్దేరే ముందే ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ బండికి గుండెకాయలు రెండు. ఒకటి ఆగిపోయినా రెండోది హాయిగా కొట్టుకుంటూనే ఉంటుంది. అదెలా ఉంటుందో మాకు అవొరాకీ కొండ కింద తెలిసింది.

కొండ కింద మకాం

మేం ఉండేది క్రైస్ట్‌చర్చ్‌లో. గుంటూరు ఎండలు తప్పించుకుని అమ్మ మా దగ్గరికొచ్చింది. మనకి మే అంటే మండు వేసవి, ఇక్కడ చలికాలం గుమ్మంలో నిలబడి ఉంటుంది. చెల్లికి తొమ్మిదో నెల రావడంతో అమ్మ తిరుగు ప్రయాణం ఖాయమైంది. వెళ్లేలోపు కొండలు చూపిద్దామని మూడు రోజులకి మోటర్‌హోమ్ అద్దెకు తీసుకున్నాం.

టెకపో దాటి, పుకాకి సరస్సు పక్కనుంచి 80వ నంబరు హైవేలో వెళ్లాం. ఆ నీళ్ల రంగు చూసి అమ్మ, "ఇందులో నీలిమందు కలిపారా ఏంటే?" అంది. హిమానీనదాలు రాళ్లని మెత్తటి పిండిలా నూరేస్తాయి. ఆ పొడి నీళ్లలో తేలుతుండటం వల్లే ఆ రంగు. ఎదురుగా అవొరాకీ, అదే మౌంట్ కుక్. 3,724 మీటర్లు. దేశంలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు.

ఆ రాత్రి వైట్ హార్స్ హిల్ క్యాంప్‌లో ఆగాం. బండికి కరెంటు ప్లగ్ పెట్టుకునే ఏర్పాటు అక్కడ ఉండదు. 2012లో ఈ ప్రాంతంలో 4,300 చదరపు కిలోమీటర్లకు పైగా డార్క్ స్కై రిజర్వ్‌గా గుర్తించారు. వీధి దీపాల వెలుగు కూడా ఆకాశాన్ని చెడగొట్టకూడదని అక్కడ నిబంధనలున్నాయి. అమ్మ శాలువా కప్పుకుని చాలాసేపు ఆకాశం వైపే చూసింది. "అరుంధతి ఎక్కడే?" అని అడిగింది. ఇంత దక్షిణానికి వస్తే అరుంధతీ సప్తర్షులూ కనబడరు. బదులుగా సదరన్ క్రాస్ చూపించాం.

టక్ టక్ టక్...

మర్నాడు సాయంత్రం ఏడింటికి అమ్మ ఫ్లైట్. ముందు ఆక్లాండ్, అక్కణ్నుంచి ఇండియా. క్రైస్ట్‌చర్చ్ అక్కడికి దాదాపు 330 కిలోమీటర్లు. ఎనిమిదిన్నరకి మా ఆయన తాళం తిప్పితే 'టక్ టక్ టక్' తప్ప ఇంకే శబ్దమూ లేదు. డ్యాష్‌బోర్డ్ దీపాలు మినుకుమని ఆరిపోయాయి. మళ్లీ తిప్పితే ఆ టక్ కూడా లేదు.

వెనక చూస్తే లైట్లు వెలుగుతున్నాయి. హీటర్ వెచ్చగా పనిచేస్తోంది. అమ్మ స్టవ్ మీద టీ మరిగిస్తోంది. "ఇంత కరెంటు ఉంటే బ్యాటరీ లేదంటారేంటి బాబూ?" అని అల్లుణ్ని అడిగింది.

అసలు కిటుకు అక్కడే ఉంది. లైట్లకీ హీటర్ ఫ్యాన్‌కీ నీళ్ల పంపుకీ కరెంటిచ్చేది హౌస్ బ్యాటరీ. కొంచెం కొంచెంగా గంటల తరబడి ఇవ్వడం దాని పని. ఇంజిన్ని లేపేది స్టార్టర్ బ్యాటరీ. నాలుగైదు సెకన్లలో వందల ఆంపియర్లు ఒక్క ఊపున ఇవ్వడం దీని పని. ఇంట్లో వాడే కరెంటు వల్ల స్టార్టర్ బ్యాటరీ ఖాళీ కాకూడదని రెండింటినీ విడివిడిగా ఉంచుతారు. అందుకే ఒకటి నిండుగా ఉన్నా రెండోదానికి దక్కదు.

ఇదంతా విని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "అంటే మీ నాన్న జీతం అయిపోయింది. నా పోపులడబ్బాలో డబ్బులున్నాయి. మూత తియ్యాలి, అంతే!"

నిజమే. కొన్ని మోటర్‌హోమ్‌లలో ఆ మూత తీసే స్విచ్ ఉంటుంది. నొక్కితే రెండు బ్యాటరీలూ కాసేపు కలిసి ఇంజిన్ని లేపుతాయి. మా బండిలో అది లేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మనిషి రావడానికి మూడు గంటలు పట్టొచ్చన్నారు. అంటే పన్నెండు దాటుతుంది. ఫ్లైట్ తప్పితే మళ్లీ టికెట్ ఎప్పటికి దొరుకుతుందో! అమ్మ పైకి ఏమీ అనలేదు గానీ, ఫోన్లో చెల్లి ఫొటో తీసి చూస్తూ కూర్చుంది. తోసి స్టార్ట్ చేద్దామంటే ఇది మూడు టన్నుల ఆటోమేటిక్ గేరు బండి. దాన్ని తోసినా లాభం లేదు.

నాలుగు క్లిప్పులు, ఒక వరస

పక్క టెంట్ పెద్దాయన మా అవస్థ చూసి తన పికప్ తెచ్చి ఎదురుగా నిలిపాడు. జంపర్ కేబుల్స్, వోల్ట్ మీటర్ రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి. మా స్టార్టర్ బ్యాటరీ 11.5 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 పైనే ఉండాలి. ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోట మ్యాట్ ఎత్తితే బ్యాటరీ కనబడింది. దానిమీద ఆరేళ్ల కిందటి తేదీ. సాధారణంగా ఇవి నాలుగైదేళ్లకి నీరసపడతాయి. దానికి చలి తోడైంది. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, లేపడానికి మామూలుకన్నా ఎక్కువ బలం కావాలి.

బానెట్ కింద ఎర్ర మూత ఉన్న పాజిటివ్ పాయింట్‌కి ఒక ఎర్ర క్లిప్ పెట్టాడు. రెండో ఎర్ర క్లిప్ తన బ్యాటరీ పాజిటివ్‌కి. నల్లది తన నెగెటివ్‌కి. చివరి నల్ల క్లిప్ మాత్రం మా బ్యాటరీకి కాదు, ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుప భాగానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది. చివరి క్లిప్ తగిలించేటప్పుడు నిప్పురవ్వ ఎగిరినా బ్యాటరీకి దూరంగా ఉండాలని ఆ జాగ్రత్త. ఈలోగా రెండు కియా చిలుకలు వచ్చి మా వైపర్ రబ్బరు పీకబోయాయి. అమ్మ చపాతీ కర్రతో బయటికొచ్చింది.

పెద్దాయన ఇంజిన్ పది నిమిషాలు తిరగనిచ్చాక మా ఆయన తాళం తిప్పాడు. ఒకసారి మూలిగింది. రెండోసారి లేచింది! మీటర్ 14.2కి ఎగబాకింది. అంటే ఆల్టర్నేటర్ బాగానే ఉంది, జబ్బు బ్యాటరీదే. వచ్చిన వరసకి సరిగ్గా తిరగేసి క్లిప్పులు తీశాడు. అమ్మ ఇచ్చిన టీ తాగి, "దార్లో ఇంజిన్ ఆపకండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

క్రైస్ట్‌చర్చ్ దాకా ఎక్కడా ఇంజిన్ ఆపలేదు. టెకపో ఒడ్డున 1935లో కట్టిన రాతి చర్చి దగ్గర అమ్మ దిగి ఫొటో దిగాలనుకుంది. అద్దంలోంచే చూసి, "మళ్లీ వస్తాలే" అంది. నాలుగుంబావుకి ఎయిర్‌పోర్టులో ఉన్నాం.

మీరు వెళ్తే...

తాళాలు చేతికిచ్చేటప్పుడే అడగండి. స్టార్టర్ బ్యాటరీ ఎక్కడుంది? దాని వయసెంత? కేబుల్స్ బండిలో ఉన్నాయా? క్యాంప్‌లో ప్లగ్ పెడితే, పైకప్పు మీద సోలార్ ఉంటే, ఏ బ్యాటరీకి ఛార్జింగ్ వెళ్తుంది? చాలా బళ్లలో అది హౌస్ బ్యాటరీకే వెళ్తుంది. అందుకే వారం రోజులు ప్లగ్‌లో ఉన్నా ఇంజిన్ మొరాయించొచ్చు. ఒక్కసారి పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపల సల్ఫేట్ గట్టిపడి పాడైపోతుంది. వెంటనే ఛార్జర్‌తో నింపాలి, పాతదైతే మార్చాలి.

గుంటూరు చేరిన నాలుగో రోజున అమ్మ ఫోన్ చేసింది. "ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం." తర్వాత అడిగిన మొదటి మాట... "ఆ పెద్దాయనకి థాంక్స్ చెప్పారా?"