కుంకుడు రసం తరఫున

ఇంట్లో చేసుకునే సరుకును పనితనం చూసి మెచ్చుకోవాలి. కుంకుడుకాయ ఆ పరీక్షకు నిలుస్తుంది. కాయలు చితక్కొట్టి, గింజ తీసేసి, పెంకును వేడినీళ్లలో నానబెట్టి పిసికితే వచ్చే నురగకు కారణం అందులోని శాపోనిన్లు. ఇవి ఒక కొసన నీటిని, మరో కొసన జిడ్డును పట్టుకుంటాయి. షాంపూలోని రసాయనం చేసేదీ ఇదే. పైగా బోరునీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది, కుంకుడు రసం అలా కట్టదు. పట్టుచీరలకు దాన్నే వాడటంలోనూ అర్థముంది: సబ్బులోని క్షారం పట్టును దెబ్బతీస్తుంది, ఈ రసానిది కాస్త ఆమ్లగుణం.

కళ్లు మండుతాయి కదా అంటారు. మండుతాయి, వెంటనే నీళ్లతో కడగాల్సిందే. నిల్వ ఉండదన్నదీ నిజమే. త్వరగా పులుస్తుంది కనుక ఏ పూటకాపూట చేసుకోవాలి. తీరిక లేనివాళ్లు షాంపూ వాడితే తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా సహజం అన్న ఒక్క మాట పట్టుకుని నిమ్మరసం ముఖానికి పూయమనే సలహాల మీద. అది పూసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కవచ్చు. వంటసోడా, వెనిగర్ కలిపి గచ్చు కడగమనడమూ అంతే. రెండూ కలిస్తే బుసబుసమని పొంగి ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుంటాయి. విడివిడిగా వాడితే, జిడ్డుగిన్నె తోమడానికి సోడా, కుళాయి మీది ఉప్పుమరక పోవడానికి వెనిగర్ చక్కగా పనికొస్తాయి.