ఓనరు పేరు చదివి, ప్లాటు అమ్మేస్తారు

మొన్న శనివారం మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్ అవతల కొత్తగా వేస్తున్న వెంచర్ చూడ్డానికి వెళ్లాం. తమ్ముడి వరస కుర్రాడు స్థలం కొంటానంటే తోడు వెళ్లాను. సేల్స్ ఆఫీసులో కాఫీలిచ్చి కూర్చోబెట్టారు. ఒక అమ్మాయి మైకు పట్టుకుని, ఈ నేలకు అసలు హక్కుదారులు వురుండ్జెరి ఆదివాసులనీ, వాళ్ల పెద్దలకు నమస్కరిస్తున్నామనీ, ఈ భూమిని వాళ్లు ఏనాడూ ఎవరికీ వదులుకోలేదనీ ఎంతో శ్రద్ధగా చదివింది. ఆ తర్వాతి స్లైడులో ప్లాటు నంబర్లు, రేట్లు. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే కంచె ఉచితం.

మావాడిది గుంటూరు. నా వైపు వంగి, "అన్నా, ఓనర్లు వేరేవాళ్లంటోంది కదా, మరి వీళ్లెలా అమ్ముతున్నారు?" అన్నాడు.

మెల్‌బోర్న్‌లో ఏ సమావేశం మొదలైనా ముందు ఇది చదవాల్సిందే. స్కూలు ఫంక్షన్, కౌన్సిల్ మీటింగు, మా ఆఫీసులో బడ్జెట్ కాల్, ఆఖరికి మన ఉగాది వేడుక. గణపతి ప్రార్థనకూ పంచాంగ శ్రవణానికీ మధ్య మా కార్యదర్శి గారు ఫోన్లో చూసి గబగబా కానిచ్చేస్తారు. చదవడం మీద నాకేం కోపం లేదు. ఓనరు పేరు అంత ఘనంగా చెప్పి, ఆ ఓనరు చేతిలోంచి మన చేతికి ఎలా వచ్చిందో చెప్పరే, అదీ నా గొడవ. మన దగ్గర రెండు సెంట్లు కొనాలన్నా ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు ముందు పరుస్తాం. ఎప్పుడో తాతలనాటి పంపకంలో మేనత్త సంతకం లేదంటే బేరం ఆగిపోయినట్టే. ఇక్కడ టైటిల్ వెనక్కి వెళ్తూ వెళ్తూ బ్రిటిష్ రాజుగారి దగ్గర ఆగుతుంది. రాజుగారికి ఎవరు రాసిచ్చారయ్యా అంటే జవాబుండదు.

అసలు ఒక దస్తావేజు ఉండేది. 1835 జూన్‌లో జాన్ బాట్‌మన్ అనే గొర్రెల ఆసామి టాస్మానియా నుంచి వచ్చి, వురుండ్జెరి వాళ్లూ కలిసిన కులిన్ జాతుల పెద్దలు ఎనిమిది మంది చేత రాయించుకున్నాడు. సుమారు 6 లక్షల ఎకరాలు. బదులుగా దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్లు, కత్తెరలు, అద్దాలు, ఎర్ర చొక్కాలు, పిండి, పైగా ఏటా ఇంత అని కౌలు. ఇదంతా మెర్రి వాగు ఒడ్డున జరిగిందని ఎక్కువమంది అంటారు. ఆ వాగు మా ఇంటికి కాస్త దూరంలోనే పారుతుంది. ఆ పెద్దలు భూమి అమ్ముతున్నామనుకోలేదు, వచ్చిన అతిథికి తమ నేల మీద తిరగడానికి అనుమతిస్తున్నామనుకున్నారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ ఆగస్టులోనే గవర్నర్ బోర్క్ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు. పాపం వాళ్లకు అన్యాయం జరిగిందనేం కాదు. భూమి రాజుగారిది, అమ్మడానికి వాళ్లెవరు, కొనడానికి నువ్వెవరు అని. ఉన్న ఒక్క లింకు డాక్యుమెంటూ అలా చిత్తుకాగితమైంది. ఇది ఎవరికీ చెందని నేల అన్న వాదన తప్పని మాబో కేసులో ఇక్కడి హైకోర్టు చెప్పేసరికి 1992 వచ్చింది. అప్పటికే అమ్ముడైపోయిన పట్టా భూముల జోలికి ఆ తీర్పు పోదు. అంటే మెల్‌బోర్న్ దాదాపు మొత్తం.

బాట్‌మన్ ఒప్పందాన్ని చిన్నప్పుడు కళ్లారా చూశానని చెప్పినవాడు వురుండ్జెరి పెద్ద విలియం బరాక్. 1863లో ఆయనా, ఆయన వాళ్లూ హీల్స్‌విల్ దగ్గర కోరండెర్క్‌లో ఊరు కట్టుకుని, బీరులో వేసే హాప్స్ పండించారు. మెల్‌బోర్న్ మార్కెట్లో మంచి ధర పలికింది. పంట బాగుంటే పక్కవాళ్ల కన్ను పడకుండా ఉంటుందా? ఖాళీ చేయించాలని చూస్తే బరాక్ అరవై కిలోమీటర్లు నడిచొచ్చి మంత్రులకు అర్జీలిచ్చాడు. 1881లో విచారణ కూడా జరిగింది. గెలిచినట్టే ఉండగా 1886లో ఒక చట్టం తెచ్చారు: తెల్లవాళ్ల రక్తం కలిసిన, 34 ఏళ్ల లోపు వాళ్లు ఊళ్లో ఉండకూడదు. కాయకష్టం చేసే చేతులు వెళ్లిపోయాక ఊరేం నిలుస్తుంది? 1924లో మూసేశారు. 1999లో ఓ 200 ఎకరాలు వారసులకు తిరిగొచ్చాయి, అదీ ప్రభుత్వ సంస్థ ఒకటి డబ్బు పెట్టి కొనిస్తే. ఇప్పుడు బరాక్ ముఖం స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో ఒక ఎత్తయిన అపార్ట్‌మెంటు మీద, బాల్కనీల వంపుల్లో కనిపిస్తుంది. 2015లో కట్టారు. దూరం నుంచి చూస్తే నిజంగా అద్భుతం. కనుబొమ్మ దగ్గరి ఫ్లాటు ఎంతకు పోయిందో మరి.

ఏ మాటకామాటే. ఆదివాసుల మాట పార్లమెంటుకు వినిపించే సంస్థ ఒకటి పెడదామా అని 2023లో రెఫరెండం పెట్టి అడిగితే నూటికి అరవై మంది వద్దన్నారు. అయినా చదవడం మాత్రం మానలేదు. మన ఊళ్లలో ఏ సభలోనైనా ఈపాటి మాట విన్నామా? ఆఫీసులో ఓ తెల్లాయన ఇదే అడిగితే నాకు రోషం వచ్చింది. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా మాకు 1/70 చట్టం ఉందన్నాను. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాడే అని వివరించాను. ఆయన నోరెళ్లబెట్టాడు. నేను మా మామయ్య సంగతి ఎత్తలేదు.

మామయ్యకు గోకవరంలో కొట్టు. సంతరోజు కొండరెడ్డి గిరిజనులు కావిళ్లతో చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు తెచ్చేవారు. అరుగెక్కకుండా కిందే గొంతుక్కూర్చునేవారు. తూకమయ్యాక ఎంతయిందని వాళ్లు అడగ్గా నేను వినలేదు. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు పెడితే మూట కట్టుకుని వెళ్లేవారు. తండ్రి వయసు మనిషిని కూడా మామయ్య "ఒరేయ్" అనేవాడు. దేవీపట్నం వైపు ఆయనకు ఆరెకరాలుండేవి. ఉండేవంటే, సాగు మామయ్యది, పాస్‌బుక్కులో పేరు ఒక కొండరెడ్డిది. అది పోలవరం ముంపులో పోయింది. పరిహారం పేరున్నాయన ఖాతాలో పడింది. ఆయన చక్కగా తీసుకుని, పునరావాస కాలనీలో ఇంటికి పై అంతస్తు వేసుకున్నాడు. "నా డబ్బు తినేశాడ్రా, ఎంత చేశాను వాడికి!" అని మామయ్య వీడియో కాల్‌లో ఇప్పటికీ మొత్తుకుంటాడు.

కేసు వెయ్యి మామయ్యా అన్నాను.

"ఏమని వెయ్యనురా? వేస్తే ముందు నన్నే లోపలేస్తారు" అన్నాడు.